రెండు చక్రాల బలం, నాలుగు చక్రాల బలం: ట్రాక్టర్ ఎంపిక వెనక ఉన్న చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

• టూ వీల్ డ్రైవ్, ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు ఏయే పరిస్థితుల్లో రూపొందాయో వివరించడం.
• దాదాపు అర్ధశతాబ్దం పాటు టూ వీల్ డ్రైవ్ ఆధిక్యం ఎందుకు కొనసాగిందో కారణాలతో చెప్పడం.
• నేల స్వభావం, కమతాల పరిమాణం, రుణ సౌకర్యం యంత్రాల ఎంపికను ఎలా నిర్ణయిస్తాయో విశ్లేషించడం.
• మన తెలుగు ప్రాంతాల వ్యవసాయానికి ఈ చరిత్రను అన్వయించడం.

1.1 పరిచయం

ట్రాక్టర్ కొనబోతున్న రైతు ఇవాళ ముందుగా ఎదుర్కొనే ప్రశ్న ఒకటుంది: టూ వీల్ డ్రైవా, ఫోర్ వీల్ డ్రైవా? మొదటి రకంలో ఇంజన్ బలం వెనక ఉన్న రెండు పెద్ద చక్రాలకే అందుతుంది. ముందు చక్రాలు బండిని తిప్పడానికి, కొంత బరువు మోయడానికి మాత్రమే ఉంటాయి. రెండో రకంలో ముందు చక్రాలకు కూడా ఇంజన్ బలం అందుతుంది. రెండో దాని ధర ఎక్కువ. ఆ అదనపు సొమ్ము పెట్టడం మంచిదా కాదా అన్న దానిమీద కుటుంబాల్లో చర్చలు జరుగుతాయి, అప్పులు పుడతాయి.

ఇది యంత్రశాస్త్రానికి సంబంధించిన విషయం కదా, చరిత్ర పాఠంలో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. ఏ యంత్రమూ శూన్యంలో పుట్టదు. ఒక నేలలో, ఒక భూయాజమాన్య పద్ధతిలో, కూలీల లభ్యత ఒక స్థాయిలో ఉన్నప్పుడు, అప్పు ఇచ్చే సంస్థలు ఫలానా విధంగా ఉన్నప్పుడు ఒక యంత్రం నిలబడుతుంది. ఆ పరిస్థితులు మారితే మరొకటి ముందుకొస్తుంది. అందువల్ల పొలంలో నడుస్తున్న ట్రాక్టర్‌ను కూడా శాసనాన్నో, రెవెన్యూ రికార్డునో చదివినట్లుగా చదవవచ్చు.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మొదట రెండు చక్రాల బలంతో నడిచే ట్రాక్టర్ వచ్చిందని, తరవాత దాన్ని మెరుగుపరచి నాలుగు చక్రాల ట్రాక్టర్‌ను తయారుచేశారని చాలామంది అనుకుంటారు. వాస్తవం అది కాదు. నాలుగు చక్రాల ట్రాక్టర్లు 1920లలోనే అమ్మకానికి వచ్చాయి. అవి మార్కెట్లో నిలబడలేదు. ఎందుకు నిలబడలేదు, మళ్లీ ఎందుకు తిరిగి వచ్చాయి అన్నవే ఈ యూనిట్‌లో మనం పరిశీలించే ప్రధాన ప్రశ్నలు.

1.2 తొలి ట్రాక్టర్లు: బరువే పెద్ద సమస్య

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో అమెరికా, ఇంగ్లండులలో ఆవిరి యంత్రాలు పొలాల్లోకి వచ్చాయి. అవి చాలా బరువైనవి. నూర్పిడికి బాగా పనికివచ్చినా మెత్తని నేలలో దిగబడిపోయేవి. 1892లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జాన్ ఫ్రోలిక్ పెట్రోలు ఇంజన్‌తో ముందుకూ వెనక్కూ నడిచే ట్రాక్టర్‌ను తయారుచేశాడు. ఇంజన్ తేలికైంది గాని, చక్రం నేలను ఎలా పట్టుకోవాలన్న సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ సమస్యకు కాలిఫోర్నియాలో ఒక పరిష్కారం దొరికింది. స్టాక్‌టన్ పట్టణం దగ్గరి డెల్టా నేలలు బాగా మెత్తనివి. అక్కడ యంత్రం దిగబడకుండా ఉండటానికి చక్రాలను అంతకంతకూ వెడల్పు చేస్తూ పోయారు. చివరికి బెంజమిన్ హోల్ట్ చక్రాలనే తీసేసి, వాటి స్థానంలో నేల మీద పరుచుకుంటూ సాగే గొలుసు పట్టాలను అమర్చి 1904 నవంబరు 24న పరీక్షించాడు. ఇవాళ మనం గొలుసు ట్రాక్టర్ అని పిలిచేది అదే. డెల్టా నేల నుంచి పుట్టిన ఈ యంత్రం మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగులను లాగింది.

గొలుసు ట్రాక్టర్ పట్టు గొప్పదే అయినా దాని ధర ఎక్కువ, రోడ్డు మీద నడపటం కష్టం. సామాన్య రైతుకు చవకైన యంత్రం కావలసి వచ్చింది. 1917లో హెన్రీ ఫోర్డ్ తయారుచేసిన ఫోర్డ్‌సన్ ఆ లోటును తీర్చింది. మోటారు కార్ల మాదిరిగానే దాన్ని కూడా పెద్ద సంఖ్యలో తయారుచేశారు. 1922లో దాని ధర 395 డాలర్లకు తగ్గింది. ఇంజన్ బలం వెనక చక్రాలకు మాత్రమే అందే ఏర్పాటు దానిది. తక్కువ భాగాలు, తక్కువ ఖర్చు, తేలికైన మరమ్మతు దాని ప్రత్యేకతలు. లోపమూ పెద్దదే. నాగలి దేనికైనా తగులుకుని ఆగిపోతే ట్రాక్టర్ ముందు భాగం పైకి లేచి వెనక్కు తిరగబడేది. డ్రైవర్ల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఈ లోపాన్ని గుర్తుంచుకోండి. దీని పరిష్కారమే తరవాతి చరిత్రను మలుపు తిప్పింది.

1.3 కొనుగోలుదారుకు రక్షణ: నెబ్రాస్కా చట్టం

1910లలో అమెరికాలో ట్రాక్టర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. ప్రకటనల్లో చెప్పిన బలం పొలంలో కనిపించేది కాదు. అలా నష్టపోయిన రైతుల్లో విల్మట్ క్రోజియర్ ఒకరు. ఆయన నెబ్రాస్కా రాష్ట్ర శాసనసభకు ఎన్నికై 1919లో ఒక చట్టం రావడానికి కృషి చేశాడు. ఆ రాష్ట్రంలో అమ్మే ప్రతి నమూనానూ విశ్వవిద్యాలయంలో పరీక్షించాలని, ఫలితాలను ప్రకటించాలని ఆ చట్టం చెప్పింది. 1920లో పరీక్షలు మొదలయ్యాయి. వాటి ఫలితాలకు ప్రపంచమంతటా గుర్తింపు వచ్చింది.

మన దేశంలో ఇటువంటి పని మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో 1955లో మొదలైన కేంద్ర సంస్థ చేస్తోంది. దక్షిణాదికి సంబంధించిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. అమ్మేవాడి మాటకూ కొనేవాడి అవసరానికీ మధ్య నిష్పక్షపాతమైన కొలత ఉండాలన్న ఆలోచన రైతుల అనుభవం నుంచి వచ్చిందన్న సంగతి మీరు గమనించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. గొలుసు ట్రాక్టర్ ఏ రకం నేలల అవసరం నుంచి పుట్టింది?
2. ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ విజయానికి కారణాలేమిటి? దానిలోని ప్రధాన లోపం ఏమిటి?

1.4 టూ వీల్ డ్రైవ్ ఎందుకు గెలిచింది?

1923లో జర్మనీలోని లాంజ్ కంపెనీ నాలుగు చక్రాలకూ బలం అందే ట్రాక్టర్‌ను తయారుచేసింది. 1930లో మాసీ హారిస్ కంపెనీ నాలుగు చక్రాలూ ఒకే పరిమాణంలో ఉండే 'జనరల్ పర్పస్' ట్రాక్టర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. యంత్రం పనిచేయకపోవడం వల్ల అది వెనకబడలేదు. దాని ధర ఎక్కువ, మలుపు తిప్పడం కష్టం, పైగా అప్పుడే ఆర్థికమాంద్యం మొదలైంది. అదే సమయంలో రెండు చక్రాల ట్రాక్టర్‌కు మూడు అనుకూలతలు ఒకదాని తరవాత ఒకటి కలిసివచ్చాయి.

మొదటిది, సాళ్ల మధ్య నడిచే ట్రాక్టర్. 1924లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఫార్మాల్ ట్రాక్టర్‌ను విడుదల చేసింది. దాని ముందు చక్రాలు దగ్గరదగ్గరగా, వెనక చక్రాలు దూరంగా ఉంటాయి. పైరు సాళ్ల మధ్య నడుస్తూ అంతరకృషి చేయడానికి వీలుగా దాన్ని రూపొందించారు. ముందు చక్రాలకు బలం అందించే ఇరుసు, గేర్లు లేకపోవడం వల్లనే ముందు భాగాన్ని అంత సన్నగా చేయగలిగారు.

రెండోది, గాలి టైరు. అంతవరకు ట్రాక్టర్లకు ఇనుప చక్రాలే ఉండేవి. 1932లో అమెరికాలోని ఆలిస్ ఛామర్స్ కంపెనీ తన ట్రాక్టర్‌కు గాలి టైర్లు అమర్చింది. తక్కువ గాలితో ఉండే వెడల్పాటి టైరు నేలను బాగా పట్టుకుంది, ఇంధనం ఆదా అయింది, రోడ్డు మీద వేగం పెరిగింది. ఆ దశాబ్దం ముగిసేసరికి అమెరికాలో కొత్త ట్రాక్టర్లలో అత్యధికం గాలి టైర్లతోనే వచ్చాయి.

మూడోది అన్నిటికంటె ముఖ్యమైనది. ఐర్లండుకు చెందిన హారీ ఫెర్గూసన్ నాగలిని ట్రాక్టర్ వెనక గొలుసుతో కట్టి లాగించడం మాని, మూడు కడ్డీలతో ట్రాక్టర్‌కే బిగించి హైడ్రాలిక్ బలంతో ఎత్తి దించే పద్ధతిని రూపొందించాడు. 1936లో ఇంగ్లండులోను, 1939లో ఫోర్డ్ తయారుచేసిన ట్రాక్టర్‌తో అమెరికాలోను ఇది రైతులకు చేరింది. 1946 నుంచి 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టీఈ 20 ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఇవాళ మన ఊళ్లో గొర్రునో, రోటవేటర్‌నో తగిలించే మూడు పాయింట్ల లింకేజి అదే.

ఈ పద్ధతి రెండు చక్రాల ట్రాక్టర్‌కు చేసిన మేలును అర్థం చేసుకోవడానికి చిన్న లెక్క చూద్దాం. చక్రం ఎంత లాగగలదన్నది దాని మీద పడే బరువు మీద ఆధారపడుతుంది. 2,000 కిలోల టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ నిలబడి ఉన్నప్పుడు అందులో సుమారు 1,300 కిలోలు వెనక చక్రాల మీద, మిగిలిన 700 కిలోలు ముందు చక్రాల మీద ఉంటాయనుకుందాం. లాగే పనిలో ఆ 700 కిలోలు వృథా అయినట్లే. నాగలిని ఫెర్గూసన్ పద్ధతిలో బిగిస్తే, నేల నాగలిని వెనక్కు లాగే బలంలో కొంత వెనక చక్రాలను నేలకు అదిమిపెడుతుంది. అంటే ఎక్కడ బరువు కావాలో అక్కడికి, పని జరుగుతున్నప్పుడే బరువు చేరుతుంది. తేలికైన ట్రాక్టర్ కూడా లోతుగా దున్నగలిగింది. నాగలి తగులుకున్నప్పుడు ట్రాక్టర్ వెనక్కు తిరగబడే ప్రమాదమూ బాగా తగ్గింది. నాలుగు చక్రాలకు బలం అందించాల్సిన అవసరం చాలా పొలాల్లో లేకుండా పోయింది.

మనం గమనించవలసింది ఏమిటంటే, పొడి నేలలో నాగలి లాగే పనికి ఈ పరిష్కారం సరిపోయింది. నీళ్లు నిలిచిన బురద పొలం సంగతి వేరు. అక్కడ ఏం జరిగిందో 1.6 విభాగంలో చూద్దాం.

1.5 ఫోర్ వీల్ డ్రైవ్ తిరిగి వచ్చిన రెండు దారులు

రెండో ప్రపంచయుద్ధం తరవాత నాలుగు చక్రాల ట్రాక్టర్ రెండు పూర్తి భిన్నమైన దారుల్లో తిరిగి వచ్చింది.

అ) మహాక్షేత్రాల దారి: అమెరికా, కెనడా మైదానాల్లో ఒక్కొక్క కమతం వేల ఎకరాలకు పెరిగింది. పొలంలో పనిచేసే మనుషులు తగ్గారు. ఒక మనిషి ఒక రోజులో వీలైనంత ఎక్కువ నేల దున్నాలంటే రెండు చక్రాలు తట్టుకోలేనంత బలమైన ఇంజన్ కావాలి. మిన్నెసోటాలో స్టైగర్ అనే రైతు కుటుంబం తమకు సరిపోయే ట్రాక్టర్ బజారులో దొరకక 1957–58 చలికాలంలో తమ పాడిపశువుల కొట్టంలోనే ఒకటి తయారుచేసుకుంది. నడుము దగ్గర విరిగి మలుపు తిరిగే ఆ పెద్ద ట్రాక్టర్ తరవాత ఒక పరిశ్రమ అయింది.

ఇదే కాలంలో సోవియట్ యూనియన్‌లో కూడా ఇటువంటి యంత్రమే పుట్టింది. లెనిన్‌గ్రాడ్‌లోని కీరోవ్ కర్మాగారం 1962లో కే 700 అనే భారీ ట్రాక్టర్‌ను తయారుచేసింది. అమెరికాలో భూమి ప్రైవేటు ఆస్తి, సోవియట్‌లో ప్రభుత్వ, సమష్టి క్షేత్రాలు. రెండు వ్యవస్థలూ పరస్పరం విరుద్ధమైనవి. అయినా యంత్రం ఒకే తీరుగా ఉంది. కారణం, రెండు చోట్లా పొలం చాలా పెద్దది. యంత్రం రూపాన్ని నిర్ణయించడంలో భూమి ఎవరిదన్న ప్రశ్నతో పాటు పొలం ఎంత పెద్దదన్న ప్రశ్న కూడా ముఖ్యమని దీని నుంచి మనం గ్రహించవచ్చు.

ఆ) చిన్న కమతాల దారి: ఇటలీలోని కొండవాలు పొలాల్లో టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ జారిపోయేది. అక్కడి సామే కంపెనీ 1952లో నాలుగు చక్రాలకూ బలం అందే చిన్న ట్రాక్టర్‌ను తెచ్చింది. జపాన్‌లో యుద్ధానంతర భూసంస్కరణల తరవాత వ్యవసాయమంతా సుమారు ఒక హెక్టారు కమతాల చేతుల్లోకి వచ్చింది. యువకులు కర్మాగారాలకు తరలిపోయారు. మిగిలినవారు బురద నిండిన చిన్నచిన్న వరి మడుల్లో పనిచేయడానికి తేలికైన యంత్రాలు కోరుకున్నారు. మొదట పవర్ టిల్లర్లు వచ్చాయి, తరవాత చిన్న ట్రాక్టర్లు వచ్చాయి. క్రమంగా ఆ చిన్న ట్రాక్టర్లకు ఫోర్ వీల్ డ్రైవ్ సాధారణ లక్షణమైంది.

ఫోర్ వీల్ డ్రైవ్ అంటే పెద్ద రైతుల యంత్రం అన్న మాట సగమే నిజమని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మైదానంలో అది బలం కోసం వచ్చింది. వరి మడిలో అది పట్టు కోసం వచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. ఫెర్గూసన్ పద్ధతి టూ వీల్ డ్రైవ్‌కు ఎలా మేలు చేసింది?
2. అమెరికా, సోవియట్ యూనియన్‌లలో ఒకే రకం భారీ ట్రాక్టర్లు రూపొందడానికి కారణమేమిటి?

1.6 భారతదేశంలో: రెల్లుగడ్డి నుంచి దమ్ము చక్రాల దాకా

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో ట్రాక్టర్ ప్రభుత్వ యంత్రంగానే ఎక్కువమందికి తెలుసు. మధ్య భారతంలో వేళ్లు లోతుగా పాతుకుపోయిన రెల్లుగడ్డి వల్ల లక్షల ఎకరాలు బీడుపడ్డాయి. వాటిని బాగుచేయడానికి కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్‌ను నడిపింది. ఇందుకు కావలసిన యంత్రాల కోసం 1949లో ప్రపంచబ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. అవి గొలుసు ట్రాక్టర్లు. 1956లో సోవియట్ యూనియన్ ఇచ్చిన యంత్రాలతో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో పెద్ద ప్రభుత్వ క్షేత్రం మొదలైంది. భారతీయ వ్యవసాయం పెద్ద క్షేత్రాల దారిలో నడుస్తుందని అప్పట్లో కొందరు ఆశించారు.

జరిగింది వేరు. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ తొలి ట్రాక్టర్ తయారైంది. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడి మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశానికి తెచ్చింది. 1963లో మహీంద్రా సంస్థ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసింది. 1971లో పింజోర్‌లో హెచ్‌ఎంటీ, చెకోస్లోవాకియా జెటార్ నమూనాతో ట్రాక్టర్లు తయారుచేసింది. దుర్గాపూర్‌లోని కేంద్ర పరిశోధనా సంస్థ మన ఇంజనీర్ల చేత రూపొందించిన స్వరాజ్ ట్రాక్టర్ 1974లో మార్కెట్లోకి వచ్చింది. ఇవన్నీ దాదాపుగా వెనక చక్రాల బలంతో నడిచే మధ్యతరహా ట్రాక్టర్లే. అంటే ఫెర్గూసన్, ఫార్మాల్ వారసత్వమే మనకు వచ్చింది.

ఈ ట్రాక్టర్లను కొనగలిగింది ఎవరు? 1969 జులైలో 14 బ్యాంకుల జాతీయీకరణ తరవాత వ్యవసాయ రుణాలు పెరిగాయి. అయితే ట్రాక్టర్ అప్పుకు నీటివసతి ఉన్న భూమి కనీసం ఇన్ని ఎకరాలు ఉండాలన్న నిబంధన ఉండేది. భూమిని తాకట్టు పెట్టాలి. పట్టా లేని కౌలు రైతుకు ఆ తలుపు మూసుకునే ఉంది. కోస్తా జిల్లాల్లో సాగులో పెద్ద భాగం కౌలుదారుల చేతిలో ఉందన్న సంగతిని దీనితో కలిపి చూడండి. 1973 భూపరిమితి చట్టం తరవాత ఆంధ్రప్రదేశ్‌లో చట్టబద్ధంగా మహాక్షేత్రాలకు చోటు లేదు. కాబట్టి పెద్ద ట్రాక్టర్‌కూ చోటు లేదు.

ఇక బురద సంగతికి వద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి గోదావరి, కృష్ణా డెల్టాలు వరి మాగాణులయ్యాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వచ్చాయి. కొత్త వరి వంగడాలతో సార్వా, దాళ్వా రెండు పంటలూ వేయడం పెరిగింది. కాలువకు నీరు వదిలినప్పుడు ఊరంతటికీ ఒకేసారి దమ్ము చేయాలి. ఎడ్లతో ఆ గడువు అందుకోవడం కష్టమైంది. ట్రాక్టర్ వచ్చింది. మెట్ట పొలాల కోసం పుట్టిన ఆ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌ను మాగాణిలోకి దించాల్సి వచ్చింది.

బురదలో ఏం జరుగుతుందో గమనించండి. దమ్ములో యంత్రం లాగే బరువు తక్కువ. లాగుడు తక్కువైనందువల్ల ఫెర్గూసన్ పద్ధతిలో వెనక చక్రాల మీదికి బరువు చేరడమూ తక్కువే. అసలు సమస్య ట్రాక్టర్ తనను తాను ముందుకు కదుపుకోవడం. సన్నటి ముందు చక్రాలు బురదను కోసుకుంటూ దిగిపోతాయి. వెనక చక్రాలు వాటిని నెట్టలేక తిరిగిన చోటే తిరుగుతాయి.

దీనికి మన రైతులు, గ్రామాల్లోని కమ్మరులు, వర్క్‌షాపులవారు వాడుకలోకి తెచ్చిన జవాబు ఇనుప దమ్ము చక్రం. దాన్నే కేజ్ వీల్ అంటారు. టైరు పక్కనే గాని, టైరు తీసి దాని స్థానంలో గాని బిగించే ఈ పంజరం లాంటి చక్రం బురదలో పట్టు ఇస్తుంది, మట్టిని కూడా కలుపుతుంది. ఖర్చు తక్కువ. ఊరి వెల్డింగ్ షాపులోనే తయారవుతుంది. కొత్త ట్రాక్టర్ కొనకుండానే మెట్ట యంత్రం మాగాణి యంత్రమైంది. మన ప్రాంతంలో ఫోర్ వీల్ డ్రైవ్ ఆలస్యంగా రావడానికి ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

ఈ పరిష్కారానికీ మూల్యం ఉంది. దమ్ము చక్రాలతో తారురోడ్డు ఎక్కితే రోడ్డు పాడవుతుంది. అందుకే వాటితో రోడ్డెక్కవద్దని అధికారులు హెచ్చరిస్తుంటారు, జరిమానాలు వేస్తుంటారు. ఒక పొలం నుంచి మరో పొలానికి వెళ్లాలంటే చక్రాలు విప్పి బిగించాలి. గట్టు ఎక్కేటప్పుడు ముందు భాగం లేచి ట్రాక్టర్ తిరగబడే ప్రమాదమూ ఉంది. ఒకరికి చవకగా దొరికిన పరిష్కారం ఖర్చును ఊరి రోడ్డు, డ్రైవర్ ప్రాణం భరిస్తున్నాయన్నమాట.

1.7 ఇటీవలి మార్పు

గత పదిహేనేళ్లుగా మన పొలాల్లో ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు ఎక్కువగా కనబడుతున్నాయి. జపాన్‌కు చెందిన కుబోటా 2008లో మన దేశంలో తన సంస్థను ప్రారంభించింది. వరి మడుల కోసం జపాన్ రూపొందించుకున్న యంత్రం మన వరి మడులకు చేరింది. 2013లో మహీంద్రా సంస్థ జహీరాబాద్‌లో ట్రాక్టర్ కర్మాగారాన్ని ప్రారంభించింది. 2023లో ఆ సంస్థ ప్రకటించిన ఓజా అనే తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు అక్కడే తయారవుతున్నాయి. వీటి రూపకల్పనలో జపాన్ ఇంజనీర్ల భాగస్వామ్యం ఉంది. మనం 1.5లో చూసిన రెండో దారి ఇప్పుడు తెలంగాణ గుండా సాగుతోంది.

అయితే ఇక్కడ ఒక వైరుధ్యం కనిపిస్తుంది. వ్యవసాయ గణన ప్రకారం 1970–71లో దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు. 2015–16 నాటికి అది 1.08 హెక్టార్లకు తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో 0.94, తెలంగాణలో 1.00 హెక్టారు. కమతాలు చిన్నవవుతుంటే ఖరీదైన యంత్రాలు ఎలా పెరుగుతున్నాయి? కిరాయి పద్ధతిలో దీనికి జవాబు ఉంది. ట్రాక్టర్ ఉన్నవారు తమ పొలంతో పాటు ఊళ్లో పదిమంది పొలాలు దున్ని గంటకో, ఎకరాకో కిరాయి తీసుకుంటారు. 2014–15 నుంచి కేంద్ర ప్రభుత్వం యాంత్రీకరణ ఉపమిషన్ కింద కస్టమ్ హైరింగ్ కేంద్రాలకు సాయం అందిస్తోంది.

ఒక ఊహాత్మక లెక్కతో దీన్ని పరిశీలిద్దాం. ఫోర్ వీల్ డ్రైవ్‌కు అదనంగా 1,50,000 రూపాయలు పెట్టాలనుకుందాం. సమయం, ఇంధనం ఆదా వల్ల ఒక ఎకరా ఒకసారి దున్నితే 150 రూపాయలు మిగులుతాయనుకుందాం. అదనపు సొమ్ము తిరిగి రావాలంటే 1,000 ఎకరాలు దున్నాలి. సొంత పొలం 10 ఎకరాలు మాత్రమే ఉండి, ఏడాదికి మూడుసార్లు దున్నే రైతుకు ఏటా 30 ఎకరాల పని. అతనికి 33 ఏళ్లకు పైగా పడుతుంది. కిరాయికి తిప్పుతూ ఏటా 300 ఎకరాలు దున్నే వ్యక్తికి మూడేళ్ల నాలుగు నెలలు చాలు. యంత్రం ఒకటే, నేల ఒకటే అయినా ఒకరికి అది తీరని అప్పు, మరొకరికి లాభసాటి వ్యాపారం. వాయిదాలు కట్టలేక ట్రాక్టర్‌ను ఫైనాన్సు కంపెనీకి వదులుకున్న కుటుంబం నష్టపోవడానికి కారణం చాలాసార్లు ట్రాక్టర్ లోపం కాదు, ఈ లెక్కలోని తేడా.

నేల ప్రకారం కూడా తేడా ఉంటుంది. ఎర్ర చెల్క నేలల్లో, ట్రాలీ లాగే పనిలో, పత్తి, మిరప సాళ్ల మధ్య తిరిగే పనిలో టూ వీల్ డ్రైవ్ సాధారణంగా సరిపోతుంది. తడిసిన నల్లరేగడిలో, లోతు దమ్ములో, ముందు లోడర్ బిగించే పనిలో ముందు చక్రాల బలం అక్కరకొస్తుంది. చక్రం 20 శాతం జారిందంటే 100 మీటర్లు సాగవలసిన తిప్పుడులో 80 మీటర్లే సాగినట్లు. ఆ మిగిలిన 20 మీటర్ల ఇంధనం, టైరు అరుగుదల వృథా. జారుడు ఎక్కువగా ఉండే నేలలోనే ఫోర్ వీల్ డ్రైవ్ తన ఖర్చును తిరిగి సంపాదిస్తుంది. గట్టి రోడ్డు మీద ముందు చక్రాల బలాన్ని ఆపి నడపాలి. లేకపోతే ముందు టైర్లు, గేర్లు త్వరగా అరిగిపోతాయి.

1.8 సారాంశం

ట్రాక్టర్ చరిత్ర నాసిరకం నుంచి మేలురకానికి సాగిన సూటి ప్రయాణం కాదు. సాళ్ల సాగు, గాలి టైరు, ఫెర్గూసన్ లింకేజి కలిసి టూ వీల్ డ్రైవ్‌ను నిలబెట్టాయి. వేల ఎకరాల మైదానాలు ఒకవైపు, బురద మడులు, కొండవాలు పొలాలు మరోవైపు ఫోర్ వీల్ డ్రైవ్‌ను తిరిగి రప్పించాయి. మన దేశంలో చిన్న కమతాలు, బ్యాంకు నిబంధనలు, భూపరిమితి చట్టం మధ్యతరహా టూ వీల్ డ్రైవ్‌కు అనుకూలించాయి. డెల్టాలో దమ్ము చక్రం దాని ఆయుష్షును పొడిగించింది. ఇవాళ కిరాయి పద్ధతి ఫోర్ వీల్ డ్రైవ్‌కు దారి తెరుస్తోంది. మీ ఊళ్లో ఎవరైనా ఏది కొనాలని అడిగితే, ఏ కంపెనీ అన్న దానికంటె ముందు నేల ఏది, ఏటా ఎన్ని ఎకరాల పని ఉంది, అప్పు ఎవరి పేరు మీద, పొలం ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలు అడగండి. చరిత్ర విద్యార్థి ఈ యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి వేసుకోవలసిన ప్రశ్నలు కూడా ఇవే.

1.9 కీలక పదాలు

దమ్ము: నాట్లకు ముందు నీరు పెట్టిన పొలాన్ని దున్ని బురదగా చేయడం.
జారుడు: చక్రం తిరిగిన మేరకు ట్రాక్టర్ ముందుకు సాగకపోవడం.
కమతం: ఒక సాగుదారు కింద ఉన్న మొత్తం సాగుభూమి.

1.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ఆధిక్యానికి కారణాలను చర్చించండి.
2. కమతాల పరిమాణానికీ యంత్రాల ఎంపికకూ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నెబ్రాస్కా చట్టం ప్రాముఖ్యం.
2. డెల్టా వ్యవసాయంలో దమ్ము చక్రాల పాత్ర.
3. మీ గ్రామంలో ట్రాక్టర్ ఉన్న ఇద్దరిని, కిరాయికి దున్నించుకునే ఇద్దరిని కలిసి, వారి ఖర్చులను పోల్చి ఒక నివేదిక రాయండి.